గోదావరి గట్టు నుంచి ఐ-20 దాకా

భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషను భద్రాచలంలో లేదన్న సంగతి అటు ప్రయాణించినవారికి తెలిసే ఉంటుంది. అది ఉన్నది కొత్తగూడెంలో. డోర్నకల్ వైపు నుంచి ఆ లైను వచ్చింది రాముని కోసం కాదు, సింగరేణి బొగ్గు కోసం. రామయ్యను చూడవలసినవారు అక్కడ దిగి, బస్సెక్కి, మరో 40 కిలోమీటర్లు పోవలసిందే. ఈ ప్రాంతపు విద్యార్థులు అమెరికా చదువుల మీదుగా సాఫ్ట్‌వేరు కొలువులకు వెళ్ళిన దారి కూడా అటువంటిదేనని నాకు తోస్తుంది. జీతమూ మాగాణీ ఉన్నచోటి దాకా చక్కగా వచ్చి, అడవి అంచున ఆగిపోయింది.

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్లు నుంచి విడివడింది. తూర్పు గోదావరిలోని భద్రాచలం ప్రాంతం 1959లో వచ్చి చేరింది. గోదావరిపై వంతెన 1965లో గాని అందుబాటులోకి రాలేదు. పాల్వంచలో విద్యుత్కేంద్రం, సారపాకలో కాగితం మిల్లు, అశ్వాపురంలో భారజల కర్మాగారం వెలిశాయి. ఆ కాలనీల పిల్లలకు నెలజీతపు ఆసరా ఉంది, సాగర్ ఎడమ కాలువ కింది రైతుల పిల్లలకు భూమి ఆసరా ఉంది.

అమెరికా 1990లో చేసిన చట్టం హెచ్-1బి వీసాలకు ఏడాదికి 65,000 పరిమితి పెట్టింది. 2001 నుంచి 2003 వరకు అది 1,95,000కు పెరిగి, 2004లో మళ్ళీ మొదటికే వచ్చింది. అదే ఏడాది చేసిన మరో చట్టం, అక్కడ ఎమ్మెస్ చదివినవారికి విడిగా 20,000 వీసాలు కేటాయించింది. విద్యార్థి బాట రాజబాట అయింది అప్పుడే! సివిల్, మెకానికల్ చదివినవారు సైతం కంప్యూటర్ సైన్సు ఎమ్మెస్‌కు మళ్ళడంలో వింతేముంది?

అన్నట్టు, 2008 అక్టోబరు దాకా హైదరాబాదులో అమెరికా కాన్సులేటు లేదు. ఇంటర్వ్యూకు చెన్నై పోవాలి. భద్రాచలం కుర్రవాడు బస్సులో ఖమ్మం చేరి రైలు పట్టుకోవాలి. చంకలో ఫైలు, అందులో ఐ-20, జీఆర్ఈ, టోఫెల్ మార్కులు, బ్యాంకు కాగితాలు, ఇంటి ఆస్తులకు చార్టర్డ్ అకౌంటెంటు కట్టిన విలువ. ఆ కాగితంలోని ఎకరాలు రెండు సాక్ష్యాలు చెప్పాలి. చదివించే స్తోమత ఉందనడానికి ఒకటి, చదువయ్యాక తిరిగి వస్తాడనడానికి మరొకటి. తిరిగి రాని వారికీ ఆ పొలమే పూచీ పడింది కదా!

గోదావరి దాటాక ఎకరానికి ఆ నోరు లేదు. షెడ్యూల్డు ప్రాంత భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ (జనం నోట 'వన్ ఆఫ్ సెవెంటీ') ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులు కొనరాదు. కొనేవారే లేనిచోట ధర ఎక్కడిది? చట్టం తప్పని నేననను. అది లేకపోతే కోయల చేతిలో ఆ ఎకరమూ మిగిలేది కాదు. అయితే దున్నుకోవడానికి మిగిలిన భూమి, చెన్నై కిటికీ దగ్గర మాత్రం కాగితానికి ఎక్కదు.

వెళ్ళినవారి దారి సుఖమైనదేమీ కాదు. చదువయ్యాక పని చేసుకునే గడువు మొదట 12 నెలలే. 2008లో 17, 2016లో 24 నెలల పొడిగింపు దొరికింది. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడి, మన పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించినప్పుడు ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలగలేదో! 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుమన్నారు. అక్కడే చదువుతూ హోదా మార్చుకునేవారికి అది వర్తించదని మరుసటి నెలలో వివరణ ఇచ్చారు.

భూమి చూపనక్కరలేని దారులూ లేకపోలేదు. తెలంగాణలో అంబేద్కర్ విదేశీ విద్యానిధి 20 లక్షల వరకు ఇస్తుంది. కేంద్రం గిరిజన విద్యార్థులకిచ్చే విదేశీ ఉపకార వేతనాలు దేశం మొత్తానికి ఏడాదికి 20. వాటిలో 3 అతి బలహీన తెగలకు. భద్రాచలం అడవుల్లోని కొండరెడ్లు ఆ కోవలోనివారే. ఆ 3 స్థానాలకు అర్హమైన తెగలు దేశంలో 75 ఉన్నాయి.