మాటు వేయు విద్య

మోటారు బండి చరిత్ర వ్రాయువారు దానిని గొన్నవారి పేర్లు వ్రాయుదురు. అది దారిలో నిలిచిపోయినపుడు బాగుచేసినవాని పేరు వ్రాయరు. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున పసుపు వన్నె గల రోల్సు రాయిసు బండి యొకటి ప్రదర్శనకు నిలుపబడి యున్నది. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను దానిని కోరి చేయింపగా, అది చేరక మునుపే 1911లో ఆయన కాలధర్మము నొందెను. ఈ కథ పలువు రెఱుగుదురు. ఆనాటి బండ్ల రేడియేటర్లు నీరు కారినపుడు వానికి మాటు వేసిన చేతులను గూర్చి యెందఱెఱుగుదురు? ఈ మౌనము మన సంఘమునకు గల యొక పాత జాడ్యమునకు గుఱుతు.

మోటారు యంత్రములో ఇంధనము మండగా బుట్టు వేడిమిలో పెద్ద పాలు చక్రములను ద్రిప్పుటకు అక్కఱకు రాదు. దానిలో కొంత భాగమును నీటి మూలమున వెలికి దెచ్చి గాలికి విడువవలెను. తొలినాటి బండ్లలో నీరు ఆవిరియై పోవుచుండుటచే మాటిమాటికి పోయవలసి వచ్చెడిది. 1900-01 సంవత్సరములలో జర్మనీ దేశపు డైమ్లరు కర్మాగారమున విల్‌హెల్ము మైబాఖు అను యంత్రశిల్పి మెర్సిడీసు బండికై తేనెపట్టు వంటి రేడియేటరును గల్పించెను. అందు ఆఱేసి మిల్లీమీటర్ల చదరపు గొట్టములు 8,070 కలవు. గొట్టముల లోపల గాలియు, వాని నడుమ సందులలో నీరును ప్రవహించును. ఇన్ని గొట్టములను ఒక్కటిగా బట్టి యుంచినది తగరము, సీసము కలిపిన మాటు లోహమే.

రాగి 1,085 సెంటిగ్రేడు డిగ్రీలకు గాని కరగదు. తగరము 232 డిగ్రీలకును, సీసము 327 డిగ్రీలకును కరగును. ఈ రెంటిని తగుపాళ్ల గలిపినచో, మిశ్రమము రెంటికంటెను ముందే, 183 డిగ్రీలకే కరగుట వింత. నీరు మరగునది 100 డిగ్రీలకు. మరగు నీటికిని కరగు మాటుకును నడుమ నున్న యీ యెనుబది మూడు డిగ్రీల యంతరము మీదనే పాత మోటారు బండి బ్రతుకు నిలిచి యున్నది.

మన సీమకు వత్తము. 1932లో నిజాము ప్రభుత్వ రైల్వేవారు రోడ్డు రవాణా శాఖను నెలకొల్పి 27 బస్సులతో పని ప్రారంభించిరి. అంతకు పూర్వమే కామారెడ్డికి రైలు వచ్చి యుండెను. ఎల్లారెడ్డి, గాంధారి వైపు పోవువారికి మాత్రము రోడ్డే గతి. గతుకుల దారిలో అదరి అదరి రేడియేటరు అతుకు విడినచో, క్రొత్తది సముద్రము దాటి రావలెను. అంతవఱకు బండి నిలువవలసినదేనా?

నిలువ నక్కఱలేని విద్య ఊళ్లలో ముందే కలదు. ఇత్తడి బిందె చిల్లిపడిన మాటు వేయు కంచరియు, వంటపాత్రకు కళాయి పూయువాడును, వెలిగారముతో బంగారము నతికెడి కంసాలియు మోటారు బండిని మనకంటె ముందుగా నెఱిగినవారు కారు. కాని అందలి రహస్యమును తరతరములుగా నెఱిగినవారు. లోహమును మెఱయునట్లు గీకుట, నవాసాగరము చల్లి మలినమును బోగొట్టుట, తగరము కన్నీరువలె పాఱునంతటి వేడి నిచ్చుట – కళాయివాని పనియు రేడియేటరు పనియు మూలమున నొక్కటే. టంకమను మాటయే చూడుడు: టంకణమనగా వెలిగారము. శాస్త్రము పరదేశమునుండి వచ్చినదని మనము దలంచితిమి. దాని పేరు మన నోటనే యున్నది.

నేడును పాత బండి గలవారు ఈ పనిని ఇంట జేసికొనవచ్చును. యంత్రము పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూత తీసి, నీరు దింపి, రేడియేటరును విప్పవలెను. రంధ్రములు మూసి, తొట్టిలో ముంచి, కొద్దిపాటి గాలి నూదినచో బుడగలు వచ్చుచోటు చిల్లిని దెలుపును. అచ్చట రాగి మెఱయువఱకు గీకి, జింకు కరగించిన హైడ్రోక్లోరికామ్లమును పూసి, బాగుగా కాగిన పెద్ద రాగితల కడ్డీతో మాటును పాఱింపవలెను. మంట నేరుగా జూపినచో ప్రక్క అతుకులును కరగి, ఒక చిల్లి బాగుచేయబోయి పది చిల్లులు తెచ్చుకొందుము; కావున ప్రక్కలను తడిగుడ్డతో గప్పవలెను. మాటు గట్టిపడువఱకు కదపరాదు. పిదప ఆమ్లపు శేషమును సోడా నీటితో గడిగి, మరల తొట్టిలో ముంచి చూడవలెను. గదిలో గాలి ధారాళముగ వీచవలెను. సీసము విషము గనుక చేతులు కడుగక భుజింపరాదు. పిల్లలను దగ్గఱ నుంచరాదు. సీసము కలిసిన మాటును వంటపాత్రకు ఎన్నడును వాడరాదు. పాత్రకు శుద్ధమైన తగరమే తగును.

అయితే కాలము మాఱినది. గడచిన శతాబ్దపు చివరి పాదమునుండి రాగి, ఇత్తడి రేడియేటర్ల స్థానమును అల్యూమినియము ఆక్రమించుచు వచ్చినది. దానికి ఈ మాటు అంటదు. చెడినది పాఱవేసి క్రొత్తది గొనుటయే వాడుకయైనది. ఇంట ఇత్తడి పోయి ఉక్కు పాత్ర వచ్చుటచే కళాయివాని కేకయు అరుదైనది. వస్తువు మాఱుట దోషము కాదు. దానితో కూడ విద్య వ్రాతలో నిలువక పోవుటయే నష్టము.

ఇట్టి నష్టము మన కిది మొదటిది కాదు. ఈ ప్రాంతమంతయు నిజామాబాదు జిల్లాగా నున్న నాళ్లనుండి ఎఱిగిన కోనసముద్రము గ్రామమున మూసలలో ఉక్కు వండెడివారు. పారసీక వర్తకులు వచ్చి దానిని కొనిపోయెడివారు. ఆ కొలుముల పని తీరును మనకు దెలుపు ప్రసిద్ధ వర్ణన 1832లో అచ్చయిన వాయిసీ అను ఆంగ్లేయునిది. వండినవారికి అక్షరము లేదు. అక్షరము గలవారికి కొలిమి దగ్గఱకు పోవుట నామోషీ. ఈ రెంటి నడుమ ఉక్కు చల్లారిపోయినది.

విరిగిన రెండు లోహములు కలియుటకు మొదట మలినము పోవలెను. పిమ్మట రెంటికిని వేడి తగులవలెను. చేతికిని అక్షరమునకును నడుమ మన సంఘములో నేర్పడిన చీలికకును ఇదియే మందు. గాంధారిలోగాని, కామారెడ్డిలోగాని, పాత బండికి మాటు వేయు ముసలి పనివా డొక్కడు మిగిలియున్నను, చదువుకొన్న పడుచువాడు వాని ప్రక్కన గూర్చుండి, ముందు కడ్డీ పట్టుట నేర్చి, పిదప కలము పట్టుగాక. అతని పేరును, పనిని తెలుగున వ్రాసి యుంచినచో, మన చరిత్రలో నొక చిల్లి పూడును.