నకళ్లు పెరిగాయి, జమాబంది పోయింది

పశ్చిమ ప్రకాశంలో పొలం తగాదా లేని ఊరు అరుదు. ఈ తగాదాలు ఎక్కడ మొదలయ్యాయని అడిగితే చదువుకున్నవాళ్లు చెప్పే కథ ఒక్కటే. పూర్వం ఊరి లెక్కలన్నీ కరణంగారి భోషాణంలో ఉండేవట, వాటికి మరో ప్రతి ఉండేది కాదట. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలను తీసేసేసరికి ఆ కట్టలు వాళ్ల అటకల మీదే ఉండిపోయాయట. తర్వాత చాలా ఏళ్లు అయోమయమే. చివరికి కంప్యూటరు వచ్చి, ఒకచోట ఉన్న లెక్కను పదిచోట్ల పెట్టి గట్టెక్కించిందట.

ఈ కథకు మొదలూ చివరా రెండూ సరిగా లేవు. కరణం దగ్గరున్నది ఎన్నడూ ఒంటరి ప్రతి కాదు. కంప్యూటరు చేసిన మేలు ప్రతులను పెంచడం వరకే. ఆ ప్రతులు ఒకదానితో ఒకటి ఏకీభవిస్తున్నాయా, నేల మీద ఉన్నదానితో ఏకీభవిస్తున్నాయా అని చూసే పని అంతకుముందే మూలన పడింది. దాన్ని మూలన పడేసింది కరణాల రద్దు కాదన్నదే నా వాదన.

తొలి దశలు అందరికీ తెలిసినవే కనుక త్వరగా దాటుతాను. తాటాకు కవిలెలు, వాటిలోంచి ఎత్తి రాసిన దండకవిలెలు ఉండేవి. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేశాడు. 1807 దాకా థామస్ మన్రో కలెక్టరుగా ఉండి రైతువారీకి పునాది వేశాడు. కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా కరణాల చేత చెప్పించి కైఫియత్తులు రాయించారు. 1821లో మెకంజీ పోయాక ఆ సంపద లండన్, కలకత్తా, మద్రాసులకు చీలిపోయింది. మద్రాసులో శిథిలమవుతున్న కాగితాలకు సి.పి. బ్రౌన్ మళ్లీ ప్రతులు రాయించాడు. ఇవాళ మనం కైఫియత్తుల్లో ఒక ఊరి సంగతి చదువుతున్నామంటే చాలాసార్లు నకలుకు నకలునే చదువుతున్నట్టు లెక్క.

అయితే బ్రౌన్ ప్రతి ఒకరకం, తాలూకా ప్రతి మరోరకం. బ్రౌన్ రాయించింది ఆనాటికి ఆగిపోయిన ప్రతి. ఊళ్లో మర్నాడు పొలం చేతులు మారినా ఆ కాగితానికి తెలియదు. తాలూకాలో ఉండే ప్రతికి మాత్రం ఊళ్లో జరిగిన ప్రతి మార్పూ వెనకనే చేరాలి. మొదటిదాన్ని నిలిచిన నకలు అనీ, రెండోదాన్ని నడిచే నకలు అనీ పిలుచుకుందాం.

ఈ తేడాను మనకాలంలో బాగా పట్టించుకున్నది వెతుకులాట డేటాబేసులు నడిపేవాళ్లు. కోట్ల పత్రాల్లోంచి అడిగినదాన్ని క్షణంలో తీసిచ్చే ఎలాస్టిక్‌సెర్చ్ వంటి వ్యవస్థలో ఒక ఊళ్లోని క్లస్టరు, అంటే కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు, పాడైతే మరో ఊళ్లోది ఆదుకోవాలి. 2019లో స్థిరపడ్డ దాని ఏర్పాటు ఇలా ఉంటుంది. ఒకటి లీడరు, మరొకటి ఫాలోయరు. రాత లీడరులోనే. ఫాలోయరు చదవడానికే తప్ప రాయడానికి పనికిరాదు. లీడరు తన మార్పుల చిట్టాను వరుసగా దాచి ఉంచుతుంది, ఫాలోయరు ఆ వరుసలోనే వాటిని అడిగి తీసుకుంటుంది. ఫాలోయరు మరీ వెనకబడితే, మామూలుగా 12 గంటలు దాటితే, ఆ చిట్టా దొరకకపోవచ్చు. అప్పుడు మార్పులతో పని జరగదు. మొత్తాన్ని మొదటినుంచి కాపీ చేసుకోవాల్సిందే. ఇంకో సంగతి: లీడరులో తప్పు రాస్తే ఆ తప్పు కూడా అంతే నమ్మకంగా ఫాలోయరుకు చేరుతుంది. అందుకే ఆ పని తెలిసినవాళ్లు నడిచే నకలును బ్యాకప్ అనరు. దానికి వేరే రోజువారీ నిల్వ ప్రతి పెట్టుకుంటారు.

మద్రాసు రాజధాని రెవెన్యూ శాఖ ఈ నియమాలన్నీ కాగితం మీద నడిపింది. అడంగల్, చిట్టా రాసేది ఊళ్లో కరణమే. తాలూకా కచేరీలో వాటి ప్రతులు, జిల్లా హుజూరులో వాటి మొత్తాలు. ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే సెటిల్మెంటు రిజిస్టరుకు డైగ్లాట్ అని పేరు. పొలం హద్దుల కొలతలకు ఎఫ్‌ఎంబీ. రాసే చెయ్యి ఒకటే, చదివే చోట్లు మూడు. రిజిస్ట్రేషన్ శాఖలో ఇంకా ముచ్చటైన ఏర్పాటు ఉంది. 1908 చట్టం ప్రకారం పేర్లకొక సూచిక, ఆస్తులకొక సూచిక వేరువేరుగా ఉండాలి. ఆస్తి మీది లావాదేవీలను చూపే ధ్రువపత్రం ఈసీ కోసం గుమాస్తా వెతికేది వాటిలోనే. గిద్దలూరులో రిజిస్టరైన దస్తావేజులో మార్కాపురం సబ్ రిజిస్ట్రారు పరిధిలోని పొలం కూడా ఉంటే ఆ సంగతి రాసిన మెమో అక్కడికి వెళ్లి, అక్కడి పుస్తకంలో చేరాలి. పొలం వేరే జిల్లాలో ఉంటే దస్తావేజు నకలే ఆ జిల్లా రిజిస్ట్రారుకు వెళ్లాలి. తంతి తీగ కూడా అక్కర్లేకుండా, తపాలా సంచీతో రెండు వెతుకులాట పుస్తకాలను కలిపి ఉంచిన ఏర్పాటు ఇది.

వీటన్నిటికీ ప్రాణం జమాబంది. జూన్‌తో ఫసలీ ఏడాది ముగిశాక కరణం, మునసబు లెక్కల కట్టలతో తాలూకా కేంద్రానికి వెళ్లేవారు. కలెక్టరో, ఆయన తరఫున డివిజన్ అధికారో కూర్చునేవాడు. ఊరి లెక్కనూ తాలూకా లెక్కనూ పక్కపక్కన పెట్టి అంకె అంకె చదివేవారు. అంతకుముందే పొలాల్లో అజమాయిషీ జరిగేది. ఈ మాటకు ఇప్పుడు పెత్తనమనే అర్థం మిగిలింది కానీ, అప్పట్లో అది పైరును కళ్లారా చూసి లెక్కతో పోల్చడం. బేరీజు కూడా ఆ కచేరీలోంచి మన నోట్లోకి వచ్చిన మాటే. తేడా వస్తే కరణం సంజాయిషీ చెప్పాలి. పన్నులు పిండడానికి పుట్టిన తంతు ఇది, దీన్ని ప్రజాసేవ అని నేను పొగడను. కరణం కలానికి బలైన కుటుంబాల కథలు ఈ సీమలో కావలసినన్ని ఉన్నాయి. అయినా సర్కారు తన డబ్బు కోసం చేసుకున్న ఆ పోలిక వల్ల ఏడాదికోసారి రైతు పేరు కూడా సరిచూసినట్టయ్యేది.

ఇక వివాదమున్న కాలానికి వస్తాను. 1970 నుంచి 1988 దాకా ఈ ప్రాంతపు లెక్కల మీద నాలుగు దెబ్బలు పడ్డాయి. కథ చెప్పేవాళ్లు ఒక్కదాన్నే చూస్తారు.

మొదటిది జిల్లా మారడం. మార్కాపురం, కంభం ప్రాంతం 1858లో కడప నుంచి కర్నూలుకు మారింది. నూట పన్నెండేళ్లు అక్కడే ఉండి, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాలోకి వచ్చింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల్లోంచి వచ్చిన దస్త్రాలు ఒకే గూటికి చేరాయి. మూడు జిల్లాల అలవాట్లు మూడు. పాత కాగితం కావాలంటే కర్నూలుకు వెళ్లమనడం ఇక్కడి ముసలి రైతులకు కొత్త మాట కాదు.

రెండోది కరణాలను తీసేసిన 1984 జనవరి నాటి ఆర్డినెన్సు. కరణాలు కోర్టుకెక్కారు. టి. వెంకటరెడ్డి కేసులో 1985లో సుప్రీంకోర్టు రద్దును సమర్థించింది. ఈలోగా కొందరు లెక్కలు అప్పగించారు, కొందరు ఇవ్వలేదు, కొందరు సగమే ఇచ్చారు. ఈ నష్టాన్ని నేను తక్కువ చేయను. కానీ తాలూకాలో నడిచే నకలు ఉన్నప్పుడు కరణం కట్ట పోయినంత మాత్రాన లెక్క పోదు, పోకూడదు. చివరి జమాబంది నాటికి సరిపోయిన ప్రతి కచేరీలో ఉండాలి కదా.

ఆ ప్రతి మీద పడింది మూడో దెబ్బ. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్కో బీరువాలో ఉన్న తాలూకా దస్త్రాలను మార్కాపురం, తర్లుపాడు, పెదారవీడు, యర్రగొండపాలెం, గిద్దలూరు, రాచర్ల, కొమరోలు, అర్ధవీడు వంటి కచేరీలకు పంచాల్సి వచ్చింది. రాసే చెయ్యి ఊళ్లో లేకుండా పోయిన మరుసటి ఏడాదే ప్రతి ఉన్న ఇల్లు ముక్కలయింది.

ఇవన్నీ ఒప్పుకుంటూనే నాలుగోదాన్నే అసలు కారణమంటాను. 1980ల్లో భూమి శిస్తు రద్దయింది, 1988 చట్టంతో నీటి పన్ను మాత్రం మిగిలింది. రైతులకు పండగే. కానీ మనది మెట్ట సీమ. నీటి పన్ను వేయడానికి ఇక్కడ నీళ్లేవి? శిస్తు లేకపోతే వసూలు లేదు, వసూలు లేకపోతే సరిచూసుకోవాలన్న ఆత్రం సర్కారుకు లేదు. నిబంధనల పుస్తకంలో జమాబంది నిలిచే ఉంది, సాగింది మాత్రం నామమాత్రంగానే. మా ఇంటి పెట్టెలోని శిస్తు రశీదుల వరుస కూడా 1980ల నడుమ ఆగిపోతుంది. అంతవరకూ ఏటా సర్వే నంబరుతో, పేరుతో, ముద్రతో ఒక కాగితం మా చేతికి వచ్చేది. అది రైతు దగ్గరుండే నాలుగో నకలు.

దీనికి అభ్యంతరం ఉంటుందని తెలుసు. కరణాలు కృష్ణా డెల్టాలోనూ పోయారు కదా అనొచ్చు. పోయారు. అయితే అక్కడ నీటి పన్ను కోసమైనా ఎవరో ఒకరు సర్వే నంబరు పట్టుకుని రైతు గడపకు రావాల్సి వచ్చింది. అక్కడ తగాదాలు లేవని అనను, లెక్కను తట్టిలేపే చెయ్యి ఒకటి ఉందంటాను. ఈ సీమలో కంభం చెరువు ఆయకట్టు వంటి చోట్ల మాత్రమే అలాంటి చెయ్యి మిగిలింది. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు వస్తే జమాబంది కూడా తిరిగొస్తుందేమోనని నేను హాస్యానికి అంటుంటాను. నీళ్లు వచ్చేదాకా ఆ హాస్యం చెల్లుతుంది.

నకలు తప్పును కూడా నమ్మకంగా మోస్తుందన్నాను. దానికి చుక్కల భూములను మించిన సాక్ష్యం లేదు. బ్రిటిష్ కాలపు రీసెటిల్మెంటు రిజిస్టరులో పట్టాదారు ఎవరో తేలని చోట గుమాస్తాలు పేరుకు బదులు చుక్కలు పెట్టారు. తెలియలేదు అనడానికి గుర్తు అది. ఆ చుక్క ప్రతి ప్రతికీ ప్రయాణించింది, దారిలో అర్థం మార్చుకుంది. తెలియలేదు అన్నది క్రమంగా సర్కారుది అయింది. 2007 తర్వాత రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షను కింది నిషేధ జాబితాలకు ఎక్కి సబ్ రిజిస్ట్రారు కంప్యూటరులో కూర్చుంది. మూడు తరాలుగా దున్నుతున్నవాడు బిడ్డ పెళ్లికి ఎకరం అమ్ముకోలేకపోయాడు. 2017లో దీనికోసం ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. 2023 మేలో కావలి సభలో మరోసారి పరిష్కారం ప్రకటించారు. ఒక గుమాస్తా పెట్టిన చుక్కను చెరపడానికి శాసనసభ కూర్చోవాల్సి వచ్చిందంటే ఆ చుక్కకు ఎన్ని నకళ్లు పుట్టాయో ఊహించుకోవచ్చు. మార్కాపురం పలక మీద రాసినదైతే తడిగుడ్డతో పోయేది.

ఇప్పటి సంగతి. 1998లో కార్డ్ పథకంతో రిజిస్ట్రేషన్లు కంప్యూటరు ఎక్కాయి. 1983 నుంచి ఉన్న లావాదేవీలకు ఈసీ క్షణాల్లో వస్తోంది. ఇది నిజమైన మేలే. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చి అడంగల్, ఎవరి పేరున ఏ పొలం ఉందో చూపే 1బి రైతు ఫోనులోకి చేరాయి. కానీ ఈ ప్రయాణంలో దిశ తిరగబడింది. వెనకటికి ఊరు లీడరు, కచేరీ ఫాలోయరు. ఇప్పుడు రాత పైన, చదువు కింద. పొలంలో జరిగింది తెరమీదికి ఎక్కాలంటే అర్జీ, తెరమీద మారింది పొలంలో వాడికి తెలియాలంటే అదృష్టం. నా పొలం విస్తీర్ణంలో దొర్లిన ఒక తప్పు గురించి ఒక కచేరీలో అడిగితే, కంప్యూటరులో అలాగే ఉందన్నారు. తప్పుకు సాక్ష్యంగా తప్పునే చూపించారు.

2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేను కూడా నేను ఈ కళ్లతోనే చూస్తాను. మార్పుల చిట్టా ముప్పై ఏళ్లపాటు సరిగా రాయలేదు కనుక మొత్తాన్ని మళ్లీ కొలవక తప్పలేదు. వెనకబడిన ఫాలోయరుకు పట్టిన గతే అది. అవసరమైన పనే, జరిగిన తొందర మాత్రం మెచ్చదగ్గది కాదు. పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, చాలాచోట్ల పలువురి పొలాలు కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం కింద పడ్డాయి. పాత దస్తావేజు చదివి కొత్త తెరలో పొలం పట్టుకోవడం వకీలుకే కష్టంగా ఉంది. భూ హక్కు చట్టం 2023లో అమల్లోకి వచ్చి, 2024లో రద్దయింది. దాని మంచిచెడ్డలు వేరే వ్యాసం. అసలు సరిచూడకుండా ఏ రిజిస్టరుకైనా తుదిమాట హోదా ఇవ్వడానికి నేను ఒప్పుకోను. ఇక నిల్వ ప్రతి సంగతి. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో ఫైళ్లు కాలినప్పుడు వాటి నకళ్లు ఎక్కడున్నాయన్న ప్రశ్న నిప్పు ఆరాకే లేచింది.

2025లో మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లాకు ప్రభుత్వం సిద్ధపడింది. కడప నుంచి కర్నూలుకు, కర్నూలు నుంచి ఒంగోలుకు నడిచిన లెక్కలకు ఇది మరో ప్రయాణం. ఈసారైనా నకలు ఎక్కించే ముందు ప్రతి ఊరి 1బిని గ్రామసభలో పేరుపేరునా చదివించి, అభ్యంతరాలు రాసుకుని, ఆపైన సంతకం చేయించాలని కొత్త కచేరీల అధికారులను కోరుతున్నాను. పాఠకులను కోరేది ఇంకా చిన్నది. మీ ఇంటి ట్రంకుపెట్టెలో పాత శిస్తు రశీదులు ఉంటే చిత్తుకాగితాలవాడికి వేయకండి. వాటికి ఏ కంప్యూటరులోనూ నకలు లేదు.