సముద్ర తీరాల పేర్లు – వాటి వెనుకనున్న చరిత్ర

ఖటక్ చించోళి దక్కను పీఠభూమి నడుమనున్న గ్రామం. సముద్రం మనకు బహుదూరం. అయినను దానితో మనకు సంబంధం లేదనుకొనుట సరికాదు. మన భాల్కి తాలూకాలో పారే కారంజా నది మంజీరలో కలుస్తున్నది. మంజీర కందకుర్తి వద్ద గోదావరిని చేరుతున్నది. గోదావరి ధవళేశ్వరం దిగువన పాయలుగా చీలగా, అందులో వసిష్ఠ పాయ అంతర్వేది వద్ద సముద్రంలో సంగమిస్తున్నది. మన చేల మీద కురిసిన వాన కొంతైనా ఆ ఇసుక తీరానికి చేరుతున్నదన్నమాట. విహారయాత్రకు వెళ్ళిన విద్యార్థి అలలను చూచి ఆనందించుటతో పాటు, తాను నిలిచిన చోటికి ఆ పేరెట్లు వచ్చినదో తెలిసికొంటే ఆ యాత్ర పాఠం కూడ అవుతుంది.

తీరాల పేర్లలో కొన్ని నేల స్వభావాన్ని, ప్రజల జీవనోపాధిని తెలుపుతవి. చీరాల చెంతనున్న ఓడరేవు పేరుకు వివరణ అక్కరలేదు. ఓడలు నిలిచిన చోటు అది. బాపట్ల సమీపాన గల సూర్యలంక పేరులో ‘లంక’ అన్న తెలుగు మాట ఉన్నది. నీటి నడుమ తేలిన నేలను మనవారు లంక అంటారు. ఇట్టి పేర్లను ఏ ప్రభువూ శాసనం వ్రాసి పెట్టలేదు. అక్కడ బ్రదికినవారి నోట పుట్టి నిలిచినవి.

మరికొన్ని పేర్లకు పురాణగాథలు ఆధారం. విశాఖపట్టణానికి ఉత్తరాన గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం ఉన్నది. పాండవులలో భీముడు బకాసురుని వధించిన స్థలం అదేనని స్థానికుల విశ్వాసం. అదే తీరంలో 17వ శతాబ్దిలో డచ్చివారు వర్తకస్థావరం నెలకొల్పినారు. వారి సమాధులు నేటికీ ఉన్నవి. డచ్చివారు వెళ్ళిపోయినారు, వారి తరువాత వచ్చిన ఆంగ్లేయులు వెళ్ళిపోయినారు. భీముని పేరు మాత్రం మిగిలినది.

మచిలీపట్నం కథ ఆలోచింపదగినది. ‘మచిలీ’ అనగా హిందుస్తానీలో చేప కనుక ఇది చేపల పట్టణమని పలువురు చెప్పుదురు. కాని క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళవేత్త టాలెమీ ఈ ప్రాంతాన్ని ‘మైసోలియా’ అని పేర్కొన్నాడు. హిందుస్తానీ పుట్టకముందే ఆ ధ్వనికి చేరువైన పేరొకటి అక్కడ ఉన్నదన్నమాట. చెవికింపైన వివరణ చరిత్రకు సరిపోవునో లేదో పరీక్షింపవలెనని ఈ ఉదాహరణ మనకు నేర్పుతున్నది. బీదరు రాజధానిగా ఏలిన బహమనీ సుల్తానుల రాజ్యం 15వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ తీరం దాకా వ్యాపించినది. బీదరులో ప్రసిద్ధమైన మదరసాను కట్టించిన మహమూద్ గవాన్ 1481లో ఆ తీరసీమలోని కొండపల్లి వద్దనే మరణశిక్షకు గురియైనాడు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకం ప్రారంభించినారు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు 30,000 మంది ప్రాణాలు కోల్పోయినారు. పట్టణం నేలమట్టమైనను పేరు చెరగలేదు.

పేరు మిగిలి వైభవం పోయిన తీరం మోటుపల్లి. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు స్వాధీనం చేసికొనేవారు. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అభయశాసనం వేయించి, ఆ ఆచారాన్ని మాన్పి, నియమితమైన సుంకం మాత్రమే గ్రహింతునని వర్తకులకు మాట ఇచ్చినాడు. నేడక్కడ ఓడలు లేవు, శాసనమున్నది.

ఇక ఆధునిక కాలంలో వచ్చిన పేర్లు. విశాఖలో రామకృష్ణ మిషన్ ఆశ్రమం ముందున్న తీరం రామకృష్ణా బీచి అయినది. జనం దానిని ఆర్.కె. బీచి అని కుదించినారు. ఇందు దోషమేమీ లేదు. ఆశ్రమం కూడ ఊరి చరిత్రలో భాగమే. అయితే ‘రేవు’ అన్నచోటనెల్ల ‘బీచి’ అను మాట వచ్చి చేరుతున్నది. రేవు అనగా వలలు, పడవలు, పల్లెకారుల కష్టం. బీచి అనగా సెలవుదినం, షికారు. మాట మారితే ఆ తీరం ఎవరిదన్న తలంపు కూడ మారుతుంది. చూడవచ్చినవానికి ఒక పూట ఆటస్థలమైనది, అక్కడివానికి తరతరాల జీవనాధారమన్న సంగతి మరుగున పడుతుంది.

కావున తీరానికి వెళ్ళిన మన పిల్లలు అక్కడి పెద్దలను ‘దీనికి మునుపు మీరేమని పిలిచేవారు?’ అని అడుగవలెను. ఇంటికి వచ్చిన పిదప అదే ప్రశ్నను ఇంట కూడ అడుగవలెను. మరాఠీలో చింతను చించ అందురు. చించోళి అనగానే ఆ చెట్టు స్ఫురించును. మన చెరువులకు, వాగులకు, చేలకు గల పేర్లు వృద్ధుల నోటనే ఉన్నవి. వానిని వ్రాసి ఉంచుట డెబ్బది ఐదేండ్లు నిండిన పాఠశాలకు తగిన పని.