గాజు పెట్టెలో గట్టు

ఢిల్లీలో తొలి వాన పడిన రాత్రి వీధి దీపం కింద కాసేపు నిలబడి చూడండి. రాలిపడే పురుగుల కోసం ఒంటినిండా బుడిపెలున్న గోదురు కప్ప వచ్చి కూర్చోవచ్చు. దాన్ని ఇంటికి తెచ్చి చేపల తొట్టిలో వదలాలని మీకు అనిపించిందా? వద్దు, అది మునిగి చస్తుంది. కప్ప నీళ్లలో మునగటమేమిటని నవ్వకండి. గోదురు కప్ప ఎక్కువ కాలం నేలమీదే గడుపుతుంది. నీటిలోకి దిగేది ముఖ్యంగా గుడ్లు పెట్టటానికి. ఎక్కి కూర్చునే గట్టు లేకపోతే ఈది ఈది అలసిపోతుంది. దాని పెట్టెలో సగం నేల, సగం నీరు ఉండాలి.

ఇలాంటి పెట్టె వెనుక ఒక కథ ఉంది. అది లండన్ పొగలో మొదలవుతుంది. నతానియేల్ వార్డ్ అనే వైద్యుడు తన ఇంట్లో ఫెర్న్ మొక్కలు పెంచాలని చూస్తే బొగ్గు పొగకు అవి చచ్చిపోతుండేవి. 1829లో ఆయన ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టిలో పెట్టి, సీసాలో ఉంచి మూత పెట్టాడు. కొన్నాళ్లకు ఆ మట్టిలోంచి చిన్న ఫెర్న్, ఒక గడ్డి మొక్క మొలిచాయి! పగలు ఆవిరైన తేమ గాజుకు తగిలి, చల్లబడి, బిందువులై తిరిగి మట్టిలోకే జారుతోంది. నీళ్లు పోయకుండానే మొక్కలు ఏళ్ల తరబడి బతికాయి. 1833లో వార్డ్ పెట్టెలు ఓడలో సిడ్నీకి బయలుదేరాయి. 1851లో రాబర్ట్ ఫార్చ్యూన్ చైనా తేయాకు మొక్కలను ఇలాంటి పెట్టెల్లోనే కలకత్తాకు, అక్కడినుంచి ఢిల్లీకి ఉత్తరాన ఉన్న సహారన్‌పూర్ తోటకు చేర్చాడు. మన టీ కప్పు వెనుక ఒక గాజు పెట్టె కూడా ఉందన్నమాట.

1845లో బ్రిటన్ గాజుపై పన్ను ఎత్తివేయటంతో పెట్టెలు చవకయ్యాయి. 1850లో రాబర్ట్ వారింగ్టన్ చేపలు, నీటి మొక్కలు, నత్తలు కలిసి ఒకే తొట్టిలో ఎలా బతుకుతాయో వివరించాడు. 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో అక్వేరియం తెరిచారు. మొక్కలకు నేల పెట్టె, చేపలకు నీటి పెట్టె సిద్ధమయ్యాయి. రెంటి మధ్య బతికే ఉభయచరాలకు ఆ రెండింటినీ కలపాల్సి వచ్చింది.

కలపటం అంత తేలిక కాదు. వార్డ్ పెట్టెకు ప్రాణం దాని మూత. కప్పకు అదే ముప్పు. గోదురు కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కిందిభాగపు చర్మంతో పీల్చుకుంటుంది. శ్వాసలో కొంత భాగమూ చర్మం ద్వారానే జరుగుతుంది. కాబట్టి నీటిలో ఏది కలిసినా, విసర్జనలోని అమోనియా అయినా, కుళాయి నీటి క్లోరిన్ అయినా, ఒంట్లోకి చేరుతుంది. గాలి ఆడకపోతే బూజు పడుతుంది. అందుకే పైన వలే తప్ప గాజు మూత పనికిరాదు. నీళ్లు తరచూ మార్చాలి. లోతు తక్కువగా ఉండాలి, నేలవైపు నుంచి నీటిలోకి ఇసుక, గులకరాళ్లతో ఏటవాలుగా దిగాలి. ఎండలో పెడితే ఆ గాజే పొయ్యి అవుతుంది. ఢిల్లీ మే నెలలో మరీను.

మన కాలేజీల్లో గట్టు అవసరం ఎవరికీ తోచలేదు. మర్నాడు కోయబోయే కప్పలకు గట్టెందుకు? జంతుశాస్త్ర కోర్సుల్లో ఆ కోతలను 2014లో యూజీసీ నిషేధించింది. ఊరి చెరువుల సంగతి కూడా చూడండి. చెరువు అంచున నిట్టనిలువుగా సిమెంటు గోడ కట్టి ‘అందంగా తీర్చిదిద్దాం’ అంటారు. నీటినుంచి బయటికొచ్చే సెంటీమీటరు పిల్లకు అది కోటగోడే. వజీరాబాద్ దగ్గరి యమునా జీవవైవిధ్య పార్కులో ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల సాయంతో చిత్తడి నేలలను మళ్లీ తయారుచేశారు. వీలైతే వెళ్లి ఒడ్డు చూడండి.

పెట్టె దాటిన ప్రాణి మరో కథ. ఆసియా గోదురు కప్ప మడగాస్కర్‌లోని తోమాసినా రేవు పరిసరాల్లో 2014లో కనిపించింది. దాని చర్మంలోని విషాన్ని తట్టుకునే శక్తి అక్కడి జంతువుల్లో చాలావాటికి లేదు.

మీరు చూడాలనుకుంటే పెద్ద కప్పను పట్టకండి. మీ ఉపాధ్యాయునికి చెప్పి, అటవీశాఖ నియమాలు కనుక్కుని, ఎండిపోతున్న వాననీటి గుంటలోంచి నాలుగైదు తోకకప్పలను ఆ నీటితో సహా తెచ్చుకోండి. ఉడికించిన పాలకూర కొద్దికొద్దిగా వేయండి. కొన్ని వారాల్లో వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు వస్తాయి. ముందు కాళ్లు వచ్చాక కొన్ని రోజులు అవి ఏమీ తినవు. కరిగిపోతున్న తోకే వాటికి ఆహారం. మొప్పల పని ఊపిరితిత్తులు అందుకుంటాయి. సరిగ్గా అప్పుడే గట్టు కావాలి. అవి ఇసుకమీదికి పాకి కూర్చున్నాక, వాన వెలిసిన ఓ సాయంత్రం, తెచ్చిన గుంట ఒడ్డునే వదిలిరండి.