కంటికానని కిరణము

ఆంధ్రరాష్ట్ర మవతరించి కర్నూలు దానికి రాజధాని యైన 1953 అక్టోబరు 1వ తేదీన, అంతవఱకు బళ్ళారి జిల్లాలో నుండిన ఆదోని తాలూకా, అందలి ఎమ్మిగనూరుతో గూడ, కర్నూలు జిల్లాలో చేరినది. ఆ యేటనే స్టాక్‌హోమ్ నగరమున సెల్డింగర్ అను వైద్యుడు రక్తనాళమును కోసి తెఱవకయే దానిలోనికి గొట్టమును పంపు నుపాయమును ప్రకటించెను. ముందు సూదిని గ్రుచ్చి, దాని బోలులోనుండి సన్నని తీగను నాళములోనికి నడిపి, సూదిని వెనుకకు దీసి, ఆ తీగ మీదుగా గొట్టమును జాఱవిడుచుటయే యా యుపాయము. పోగుల నడక యెఱిగిన ఎమ్మిగనూరు నేతకానికి దీనిని బోధించుటకు నిమిషము పట్టదు.

ఐతే లోపలి తీగ యెటు పోవుచున్నదో తెలియవలెనన్న, 1895లో రాంట్‌గెన్ కనుగొనిన ఎక్స్‌రేయే శరణ్యము. 1964 జనవరిలో అమెరికాలో డాటర్ అను వైద్యుడు, కాలు తీయించుకొనుటకు సమ్మతింపని 82 ఏండ్ల వృద్ధురాలి తొడనాళమును ఈ త్రోవనే తెఱచి, ఆమెను తన కాళ్ళమీదనే నడిపించెను. చక్కెరవ్యాధిచే పాదము పుండుపడి కర్నూలుకో, పాత చుట్టఱికమున బళ్ళారికో పోవు ఆదోని రైతునకు నేటి ఆశయు నిదియే.

రోగి కిది యొకటి రెండు నాళ్ళ మాట, వైద్యునకు నిత్యకృత్యము. రోగి దేహమునకు తగిలి చెదరిన కిరణము ప్రక్కన నిలిచిన వానిపై పడును. దూరము రెట్టింపైన దాని బలము సుమారు నాల్గవ వంతునకు తగ్గునుగాని, తీగను పట్టిన చేయి దూరముగ తొలగునదెట్లు? ఆదోని జిన్నింగు మిల్లులోని దూది నుసి కంటికి కనబడును, దగ్గు పుట్టించి హెచ్చరించును. ఈ కిరణమునకు రూపు లేదు, వాసన లేదు, తగిలిన జాడ లేదు. ఎడిసన్ ప్రయోగశాలలో తన చేతులనే దీనికడ్డుపెట్టి పరీక్షించిన క్లారెన్స్ డాలీ, ఆ చేతులు కోల్పోయి 1904లో మరణించెను. ఇట్టి మృతులకై 1936లో హాంబర్గున శిలాస్తంభము నెత్తి, 169 పేళ్ళు చెక్కిరి.

సీసపు ఏప్రన్ మొండెమును కాచునుగాని తలను, చేతులను, పిక్కలను కాయదు. దాని బరువు నడుమునకు వేఱొక శిక్ష. కంటికటకమునకు శుక్లము తెచ్చు మోతాదు తలచినదానికన్న తక్కువయని తేలిన పిదప, ఏటికి 150 మిల్లీసీవర్టులుగా నుండిన పరిమితిని, అయిదేండ్ల సగటున 20కి తగ్గింపవలెనని కిరణరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ సంఘము 2011లో చెప్పెను. సెల్డింగర్ తీగకును ఈ మాటకును నడుమ 58 ఏండ్లు గడచినవి.