గుంటూరు గ్రహణంలో పసుపు గీత

మంట రంగును బట్టి లోహాన్ని పోల్చుకునే విద్య ఆధునిక రసాయనశాలల కంటే పాతది. సుమారు 12వ శతాబ్దపు గ్రంథంగా భావించే ‘రసార్ణవం’ రాగి మంట నీలమనీ, తగరపు మంట పావురం వన్నె అనీ, సీసపు మంట పాలిపోయి ఉంటుందనీ విడదీసి చెప్పింది. నేటి జ్వాలా పరీక్షలో ప్లాటినం తీగను హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ముంచి, లవణపు పొడి అద్ది, రంగులేని మంటలో ఉంచుతారు. ఆ వేడికి లోహ పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లు పై శక్తిస్థాయికి ఎగసి, తిరిగి దిగుతూ, ఆ లోహానికి ప్రత్యేకమైన కాంతిని వెదజల్లుతాయి. కాల్షియంకు ఇటుక ఎరుపు, బేరియంకు లేతాకుపచ్చ, పొటాషియంకు లేత ఊదా వస్తాయి. చిక్కంతా సోడియంతోనే, ఎందుకంటే రవ్వంత ఉప్పు తగిలినా దాని పసుపు మిగతా రంగులను కప్పివేస్తుంది. అందుకే పొటాషియం జ్వాలను కోబాల్టు కలిసిన నీలిగాజు గుండా చూస్తారు.

కంటికి తేలని ఈ తేడాను తేల్చడానికి హైడెల్‌బర్గ్‌లో బున్సెన్, కిర్కాఫ్ జ్వాలకాంతిని పట్టకం గుండా పంపి, ఒక్కో మూలకానికి స్థిరమైన గీతలున్నాయని చూపి, 1860లో సీజియంనూ, 1861లో రుబీడియంనూ కనుగొన్నారు. సూర్యకాంతిలోని నల్లగీతలు కూడా అవే మూలకాల జాడలని కిర్కాఫ్ వివరించడంతో, దీపం మీద చేసే పరీక్ష సూర్యుని దాకా విస్తరించింది.

ఆ విస్తరణకు అసలైన పరీక్ష 1868 ఆగస్టు 18న గుంటూరు సీమలో జరిగింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిష్ అధికారి టెనెంట్ వేర్వేరుగా, మచిలీపట్నంలో మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్, వర్ణపటదర్శినులతో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించారు. 5 నిమిషాలకు పైగా సాగిన ఆ చీకటిలో సూర్యుని అంచున ఎగసే జ్వాలలు నిరంతర వర్ణపటాన్ని కాక ప్రకాశవంతమైన గీతలను చూపాయి కనుక, అవి వేడెక్కిన వాయువులనీ, వాటిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అనీ తేలింది. గ్రహణం లేకుండానే వాటిని చూసే మార్గాన్ని జాన్సెన్ మర్నాడే గుంటూరులో సాధించాడు, ఈ సీమ నిజంగా గర్వించదగిన ఘనత అదే.

హీలియం గుంటూరులోనే దొరికిందని చెప్పుకోవడం మాత్రం సరికాదు. అక్కడ కనిపించిన పసుపు గీతను టెనెంట్ సోడియందిగానే భావించాడు. జ్వాలా పరీక్షలో విద్యార్థిని తికమకపెట్టే పసుపే ఇక్కడా అడ్డుపడింది. సోడియం జంటగీతలు 589.0, 589.6 నానోమీటర్ల వద్ద ఉండగా, ఇది 587.6 వద్ద ఉంది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో సౌరజ్వాలల గీతలను గ్రహణం లేకుండానే పట్టుకున్న లాకియర్, ఈ గీత సోడియంది కాదని గుర్తించి, దాన్ని భూమిపై తెలియని మూలకానికి ఆపాదించాడు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజమైన క్లీవైట్ నుంచి రాబట్టిన వాయువులో అదే గీత కనిపించగా, కొలిచి నిర్ధారించినవాడు విలియం క్రూక్స్; 1861లో థాలియం లోహాన్ని దాని ఆకుపచ్చ గీత ద్వారా కనుగొన్నవాడూ ఆయనే.