బయోస్ అప్‌డేట్ ఫెయిలై ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదా? ఫార్మాట్‌కు ముందు ఇలా ట్రై చేయండి
బయోస్ అప్‌డేట్ మధ్యలో ఛార్జ్ అయిపోయి స్క్రీన్ నల్లగా ఉండిపోయిందా? కంగారు పడొద్దు. బయోస్ ఉండేది మదర్‌బోర్డు చిప్‌లో. మీ ఫొటోలు, ఫైల్స్ ఉండేది ఎస్‌ఎస్‌డీ లేదా హార్డ్‌డిస్క్‌లో. కాబట్టి సాధారణంగా డేటా ఎక్కడికీ పోదు. ముందు ఛార్జర్ పెట్టండి.

హెచ్‌పీ: ఆఫ్ చేసి విండోస్, బీ కీలు కలిపి నొక్కి పట్టుకోండి. పవర్ బటన్ 2-3 సెకన్లు నొక్కి వదలండి. రికవరీ స్క్రీన్ వచ్చేదాకా ఆ కీలు వదలొద్దు.

డెల్: ఆఫ్ చేసి ఛార్జర్ తీసేయండి. కంట్రోల్, ఎస్కేప్ కీలు నొక్కి ఉంచి మళ్లీ ఛార్జర్ పెట్టండి. రికవరీ స్క్రీన్ రాగానే వదిలేయండి.

చాలా మోడల్స్‌లో ఇవి పనిచేస్తాయి. ఆన్ అయ్యాక బిట్‌లాకర్ 48 అంకెల కీ అడిగితే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో వెతకండి.

అప్పటికీ ఆన్ కాకపోతే సర్వీస్ సెంటర్‌లో బయోస్ చిప్ రీప్రోగ్రామ్ చేస్తారేమో అడగండి. ఫార్మాట్ చేస్తామంటే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు.